షాబాద్ బండ తాగిన నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేల మీద ఒక మనిషి ఆకారం ఉండేది. దయ్యాల కథ మొదలుపెట్టానని అనుకోకండి. అది మా అమ్మ పడుకున్న చోటు. బండ తాగిన నూనె మరక.

మాది గట్టు అనే ఊరి దగ్గర ఒక పల్లె. అప్పుడప్పుడే రెండు వేల సంవత్సరం దాటింది. గద్వాల ఇంకా జిల్లా కాలేదు. మా చుట్టుపక్కల చేలన్నీ కంపెనీలకు విత్తనం పండించే సీడు పత్తి కిందికి పోయిన రోజులవి. పొద్దున్నే మగపూలు తెంపి ఆడపూలకు అద్దాలి. మధ్యాహ్నం మరునాటి మొగ్గలను ఒలవాలి. చిన్న వేళ్లయితే మొగ్గ విరగదని ఆ పనికి ఆడపిల్లలనే పిలిచేవాళ్లు. నేను రెండో తరగతిలోనే బడి మాని అమ్మ వెంట చేనుకు పోయేదాన్ని. పలక మీద దిద్దిన నాలుగు అక్షరాలు కూడా అప్పటికే నా తలలోంచి చెరిగిపోయాయి.

ఆ సీడు పని కూలి డబ్బులతోనే అమ్మ మా ఇంటికి బండలు వేయించింది. అంతకుముందు మాది మట్టి నేల. వానాకాలం గోడ వారన చెమ్మెక్కి, చాప కింద తెల్లగా బూజు పట్టేది. షాబాద్ బండలు ట్రాక్టరులో వచ్చి మా గుమ్మం ముందు దిగిన రోజు అమ్మ చేనుకు పోలేదు. ఒక్కో బండను చేత్తో తట్టి, మోగే మోతను బట్టి బాగున్నదీ లేనిదీ తానే తేల్చింది. అవి నీలంగా ఉంటాయి, తడిస్తే నల్లబడతాయి. ఆ తర్వాత మా ఇంట్లోకి చెప్పులతో ఎవరూ రాలేదు. మా నాయిన కూడా బయట తొట్టి దగ్గర కాళ్లు కడుక్కునే లోపలికి వచ్చేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం అమ్మ చాప కూడా వేసుకోకుండా బండ మీద చెంప ఆనించి పడుకునేది. అంత సుఖంగా ఆమె ఇంకెప్పుడూ నాకు కనిపించలేదు.

మరుసటి ఏడాది చేనులో పని చేస్తూ చేస్తూ అమ్మ పక్కకు ఒరిగిపోయింది. ఎండదెబ్బ అనుకొని నీళ్లు చల్లారు. కళ్లు తెరిచేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ ఆమెవి కాకుండా పోయాయి, మాట పోయింది. నాయిన రాయచూరు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ చేయగలిగింది చేసి, ఇక ఇంట్లో చూసుకోమని చెప్పి పంపారు. ఎవరో చెబితే నాయిన బస్సులు మారి అమ్రాబాద్ దాకా పోయి, అడవి పక్క ఊళ్లో ఉండే నాటు వైద్యుని దగ్గర నూనె తెచ్చాడు. నల్లటి చిక్కటి నూనె. సీసా మూత తీస్తే కళ్లు మండేవి.

మా మేనత్త వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ అమ్మను కింద చాప మీద పడుకోబెట్టి ఆ నూనెతో ఒళ్లంతా రుద్దేది. చెయ్యి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. "లేవవే మారాణీ, ఎన్ని దినాలు పండుకుంటవ్? నా పుట్టింట్లనే నన్ను కోడల్ని చేసినవ్ గదనే" అని తిడుతూ, తిట్టినంతసేపూ కళ్లు తుడుచుకునేది. నూనె అమ్మ ఒంటి మీంచి చాపలోకి, చాపలోంచి బండలోకి దిగుతోందని మాలో ఎవరికీ తోచలేదు.

అమ్మ వీపు పుండ్లు పడుతుంటే నాయిన ఒక నులక మంచం తెచ్చాడు. ఆమెను ఎత్తి, చాప పక్కనే వేసిన ఆ మంచం మీద పడుకోబెట్టి చాప తీశాం. తీస్తే కింద ఆమె ఉంది. గుండ్రంగా తల, భుజం, నడుము, వంగిన మోకాలు. నీలం బండల మీద నల్లగా నిగనిగలాడుతూ ఉంది. మేనత్త చాపను చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆ ఆకారాన్ని దాటలేక గోడ పక్క నుంచి నడిచి బయటికి వెళ్లాను.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. మా ఇల్లు పడమటి వాకిలి. పొద్దు గూకే ముందు ఎండ గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఆ మరక మీద పడేది. ఆ వేళకు అమ్మ ఎడమ చెయ్యి ఎత్తేది. వేళ్లు ఆ చోటుకేసి చాపి, గొంతులోంచి ఒకే రకంగా మూలిగేది. కళ్ల వెంట నీళ్లు చెవుల్లోకి కారేవి. ఎండ పోయేదాకా అంతే.

మేం అడగనిది లేదు. నీళ్లా? బువ్వా? ఒళ్లు నొస్తుందా? పక్కకు తిప్పాలా? నాయిన మంచం తిప్పి ఆమె మొహం గోడకు పెడితే ఇంకా గట్టిగా ఏడ్చింది. మళ్లీ ముందున్నట్టే వేశాడు. మరక మీద గోనెసంచి కప్పితే, సంచికేసి చెయ్యి చాపి ఏడ్చింది. అప్పుడు మేనత్త తేల్చేసింది. "ఇంకేంది, నాకు ఎర్కే. పిచ్చిదానికి మాట వోయింది గానీ శుభ్రం వోలేదు. పాణమంత ఆ బండల మీదనే ఉంది. మరక జూస్తె దానికి పడ్తలేదు." నాయిన తల ఊపాడు. నాకైతే అది నిజమని అనిపించడం కాదు, ఊపిరాడినట్టయింది. అమ్మకు ఏం కావాలో తెలిసింది. అది నా చేతులతో అయ్యే పని.

చేను నుంచి రాగానే కూర్చునేదాన్ని. సబ్బుతో రుద్దాను. పొయ్యి బూడిదతో తోమాను. దీపంలోంచి కిరసనాయిలు ఒంపి గుడ్డతో తుడిస్తే మరక తగ్గకపోగా అంచులు పక్క బండ మీదికి పాకాయి. నడుము దగ్గర ఇంకా వెడల్పయింది. ఆఖరికి ఒక రోజు చింతపండు నానబెట్టాను. ఇత్తడి బిందె ఎంత నల్లబడినా చింతపండుతో తళతళలాడుతుంది కదా, బండ మాత్రం ఎందుకు మెరవదని. గుజ్జు పట్టించగానే బండ మీద సన్నగా నురగ లేచింది. మురికి పోతోందని సంబరపడి ఇంకా రుద్దాను. కడిగి చూస్తే నలుపు నలుపుగానే ఉంది. రుద్దిన చోట నునుపంతా పోయి బండ సున్నం కొట్టినట్టు తెల్లగా, గరుకుగా తేలింది. మంచం మీంచి అమ్మ చూస్తూనే ఉంది. ఆమె కోసం చేస్తూ ఆమె బండనే కాల్చేశానని నాకు ఏడుపొచ్చింది.

మా పక్కింట్లో నేతవాళ్లు ఉండేవాళ్లు. కొడుకు గద్వాల చీరలు నేసేవాడు, ముసలి తల్లి రాట్నం మీద కండెలు చుట్టేది. ఊళ్లో పిల్లలందరికీ ఆమె మగ్గమవ్వ. ఆ రోజు నా రుద్దుడు విని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏంది బిడ్డా, బండకు పెండ్లి జేస్తున్నవా? గంతగనం రుద్దుతున్నవ్."

నేను గిన్నె చూపించాను. ఆమె వంగి వాసన చూసి నుదురు కొట్టుకుంది.

"చింతపులుసు వోసినవా? అది రాయే, చారు గాదు! పులుపు తగిల్తె ఈ బండ పొరలు పొరలు ఊడుతది. ఇగ దాని జోలికి పోకు, లే."

లేవలేదు. అమ్మ ఏడుస్తోందని, మరక పోకపోతే ఆపదని చెప్పాను. మగ్గమవ్వ అమ్మకేసి చూసింది, నాకేసి చూసింది. వెళ్లి కొంగులో సుద్ద పెళ్లలు మూటగట్టుకుని వచ్చింది. గోడలకు పూసే తెల్ల సుద్ద. తినే సోడా మా ఇంట్లోనే అడిగి తీసుకుంది.

నూనెతో కొట్లాడకూడదన్నది ఆమె మొదట చెప్పిన మాట. పట్టంచు మీద మగ్గం నూనె చుక్క పడితే రుద్దినవాళ్ల చీర గోవిందా అంది. రుద్దే కొద్దీ అది పోగుల్లోకి ఉరుకుతుందట. దాని మీద సుద్ద పొడి చల్లి మరిచిపోతే, పొడే మెల్లగా నూనెను తాగేస్తుందట. "రాయి గూడ గంతే బిడ్డా. దూప మీద తాగింది. గుంజుకుంటె ఇయ్యది. దానికంటె ఎక్కువ దూపున్నదాన్ని పక్కన వెట్టాలె, అంతే." దూపంటే మా వైపు దాహం.

సుద్దను మెత్తగా నూరి, సోడా కలిపి, నీళ్లు చిలకరించి, రొట్టె పిండికన్నా కొంచెం జారుగా చేయించింది. దాన్ని మరక మీద, మరక దాటి నాలుగు వేళ్లు పక్కకు కూడా, మందంగా పరిపించింది. పైన తడిగుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు గుడ్డ తీసి దానంతట అదే ఎండనివ్వాలి. ఎండి పగుళ్లు వచ్చాక కొబ్బరి చిప్పతో నెమ్మదిగా గీకాలి. ఇనుముతో గీకితే గీతలు పడతాయని ఒట్టు వేయించుకుంది. మొదటిసారి పెళ్లలు ఊడదీసి తిరగేస్తే, తెల్లటి సుద్ద అడుగున పసుపు, గోధుమ రంగు పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్రాబాద్ నూనె వాసన. నేను ఆ పెళ్లను అమ్మ దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆమె పెళ్లను చూడలేదు, నన్నే చూసింది.

ఆ తర్వాత నా రోజులన్నీ ఒకటే తీరు. తెల్లారకముందే చేను, సాయంత్రం సుద్ద. పూలు అద్ది అద్ది పచ్చబడిన వేళ్లు ఇంటికొచ్చాక తెల్లబడేవి. నాయిన ఊరి బయటి వాగు ఒడ్డు నుంచి సుద్ద తవ్వి తెచ్చేవాడు. మేనత్త నూరి పెట్టేది. మేం ముగ్గురం ఆ బండ చుట్టూ చేరి, ఎంత తగ్గింది, ఎక్కడ తగ్గిందని మాట్లాడుకునేవాళ్లం. "తల కాడ వోయింది సూడు", "మోకాలు కాడ ఇంక ఉందిలే" అని. దవాఖాన నుంచి వచ్చాక మా ఇంట్లో ఒక పని ముందుకు పోవడం అదే మొదటిసారి. మా మాటల్లో నవ్వు కూడా వచ్చింది. అమ్మ మాత్రం ఎండ వచ్చే వేళకు చెయ్యి ఎత్తుతూనే ఉంది. ఇంకా పూర్తిగా పోలేదు కదా, అందుకే అనుకునేవాళ్లం.

మరక అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. అరచేతంత అయింది, రూపాయి బిళ్లంత అయింది. ఒక రోజు గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక చూస్తే లేదు. చింతపండు కాల్చిన తెల్లమచ్చ ఒక్కటే మిగిలింది, కానీ మనిషి ఆకారం లేదు. నేను పరుగెత్తి మగ్గమవ్వను పిలుచుకొచ్చాను. నాయిన ఆ రోజు తొందరగా వచ్చాడు. మేనత్త అమ్మకు తల దువ్వి, ఉతికిన చీర చుట్టి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. పండుగకు దీపం పెట్టే ముందు ఎలా నిలబడతామో అలా నిలబడి, ఎండ లోపలికి వచ్చేదాకా కాచుకున్నాం.

ఎండ వచ్చింది. శుభ్రమైన నీలం బండ మీద పడింది.

అమ్మ ఎడమ చెయ్యి లేచింది. వేళ్లు అదే చోటుకు చాచింది. గొంతులోంచి అదే మూలుగు. అవే కన్నీళ్లు.

నాయిన మెల్లగా బయటికి వెళ్లి గుమ్మం మెట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మేనత్త తట్టుకోలేకపోయింది. "ఇంకేం గావాల్నే నీకు? జెప్పు! మచ్చ వోయె, బండ మెరిసె, ఇంకేం గావాలె తల్లీ!" అని అరిచి, అరిచిన నోటినే కొంగుతో మూసుకుని వంటింట్లోకి పోయింది. అంటే అమ్మ అడిగింది మరక గురించి కాదు. మొదటి రోజు నుంచీ కాదు. ఆమె ఒకటి అడుగుతుంటే మేం ఇంకొకటి చేస్తూ, చేస్తున్నామని సంతోషపడుతూ వచ్చాం. ఆమె చూస్తూ ఉండిపోయింది.

నేను మగ్గమవ్వ చీర పట్టుకున్నాను. ఆమెకు అన్నీ తెలుసు, రాయి దూప కూడా తెలుసు. "అవ్వా, అమ్మకు ఏం గావాలె?" అని అడిగాను.

"నాకు తెల్వదు బిడ్డా," అంది.

అంతకుముందు పెద్దవాళ్లు ఎవరూ నాతో ఆ మాట అనలేదు. వైద్యుడు నూనెతో లేస్తుందన్నాడు. మేనత్త మరకే అంది. నాయిన అన్నింటికీ తల ఊపాడు. మగ్గమవ్వ ఆ మాట ఏ సిగ్గూ లేకుండా, గొంతు తగ్గించకుండా అంది. నేను ఇంకేదో చెబుతుందని కాచుకున్నాను. సుద్దలాంటిది ఇంకొకటి, నూరేదో కలిపేదో. ఆమె మాత్రం మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ కిందికి వంగి, ఎండ పడ్డ ఆ బండ మీద, అమ్మ వేళ్లు చాచిన ఆ చోటులోనే, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నీళ్లా అని అడగలేదు. బువ్వా అని అడగలేదు. ఊరుకో అని కూడా అనలేదు. అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది. అమ్మ ఏడుస్తుంటే ఏడవనిచ్చింది. అమ్మ చెయ్యి గాలిలో అలసిపోయి కిందికి వాలితే, అది మగ్గమవ్వ తల మీద పడింది. ఆమె కదలలేదు. నెరిసిన జుట్టు మీద ఆ వేళ్లు ఎండ పోయేదాకా ఉన్నాయి. మూలుగు ఆగలేదు కానీ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చిన్నదైంది.

లేచేటప్పుడు నా భుజం ఆసరా తీసుకుంటూ అంది. "తెలిస్తె జేద్దుము. తెల్వకుంటె కూసుందుము. లేశి ఉరకకు బిడ్డా."

మర్నాటి నుంచి ఆ వేళకు నేను ఆ బండ మీద కూర్చునేదాన్ని. కొన్ని రోజులు అమ్మ నన్ను చూస్తూ తేలికపడేది, కొన్ని రోజులు ఎంత కూర్చున్నా ఏడుపే. చిన్నదాన్ని కదా, నాకు లేచి పరుగెత్తాలనిపించేది. మళ్లీ ఏదో ఒకటి నూరాలని, రుద్దాలని చేతులు లాగేవి. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడం పత్తి చేనులో వంగడం కన్నా కష్టం. ఆ మరుసటి చలికాలం అమ్మ వెళ్లిపోయింది. ఏం అడిగిందో మాకు తెలియలేదు. ఈ రోజుకూ తెలియదు. తన బండ మీద చెంప ఆనించి పడుకోవాలని అడిగిందేమో అని ఒక్కోసారి అనుకుంటాను. అదీ నా ఊహే. మరక గురించి అనుకున్నప్పుడు కూడా నాకు అంతే నమ్మకంగా ఉండింది.

నా కూతురు పదో తరగతికి వచ్చాక, ఊళ్లో ఆడవాళ్లకు సాయంత్రం చదువు చెబుతుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. 'అ' దిద్దుతుంటే ఒక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. అమ్మకు ఎడమ చెయ్యి ఆడేది. ఇంటి నిండా సుద్ద ఉంది. కింద పలకలాంటి బండ ఉంది. ఆమెకు రాయడం, నాకు చదవడం వచ్చి ఉంటే? వచ్చినా ఆ జబ్బుతో రాయగలిగేదో లేదో. ఆలస్యంగా వచ్చిన అక్షరాలు వెనక్కి వెళ్లి ఏదీ బాగు చేయవు. అయినా నేర్చుకున్నాను. ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మా వాడలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసినా, ఎవరింట్లో మనిషి పోయినా నన్ను పిలుస్తారు. మొన్న ఎదురింటి పెద్దాయనకు మాట పడిపోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఏదో చూపిస్తున్నాడు. కోడలు కంగారుగా, "ఏమడుగుతుండు పెద్దమ్మా? ఏమియ్యమంటవ్? జర నువ్వన్న జెప్పు" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు తోచినవి నాలుగైదు ఉన్నాయి. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. అని, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, ఆయన మంచం దగ్గర కింద కూర్చున్నాను.